మే నెల ఎండ, లేబర్ రూమ్ ట్రే: నిజామాబాద్–బోధన్ ప్రాంతంలో కాన్పు అత్యవసర సూదిమందుల నిల్వ

కాన్పయ్యాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే రక్తస్రావం నిమిషాల్లో తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. అలా జరగకుండా బిడ్డ పుట్టగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ హార్మోన్‌ను విన్సెంట్ దు విన్యో 1953లో ప్రయోగశాలలో తయారు చేశాడు. 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచితే మందు నిలకడగా ఉంటుంది. వేడి తగిలేకొద్దీ దాని అణువులు విడిపోతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అయినా ద్రవం తేటగానే కనిపిస్తుంది. టీకా సీసాల మీద వేడికి రంగు మారే గుర్తు ఉంటుంది. ఆక్సిటోసిన్ ఆంపుల్ మీద అలాంటిదేమీ లేదు. ఈ వ్యాసానికి మూలం ఆ లోటే.

1993లో హోగర్‌జైల్ బృందం ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన పరీక్షల్లో, 30 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచిన ఆక్సిటోసిన్ సుమారు 14 శాతం శక్తి కోల్పోయింది. కాన్పు రక్తస్రావానికే వాడే మరో సూదిమందు మిథైల్ ఎర్గోమెట్రిన్‌కు వెలుతురు ఇంకా పెద్ద శత్రువు: వెలుగులో పెడితే నెల రోజుల్లోనే ఐదో వంతుకు పైగా పోయింది. కాబట్టి కరెంటు ఒక పూట పోయిందని ఆక్సిటోసిన్ ఆంపుళ్లన్నీ పారేయనక్కర్లేదు. నష్టం వారాల తరబడి పేరుకుపోయినప్పుడే అసలు ప్రమాదం.

అలా పేరుకుపోవడానికి నిజామాబాద్ వేసవి చాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలు 40 దాటడం మామూలే. లేబుల్ మీద 25 అనో 30 అనో అచ్చయి ఉన్నా, మే నెలలో ఫ్యాను గాలి తప్ప మరేదీ లేని గదికి ఆ అంకె వర్తించదు. యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస జనాభా నిధి 2019లో ఉమ్మడిగా చెప్పింది కూడా ఇదే: లేబుల్ ఏమన్నా ఆక్సిటోసిన్‌ను 2–8 లోనే ఉంచాలి, అవసరమైతే టీకాల ఫ్రిజ్‌నూ వాడుకోవాలి.

ఇంకో చిక్కుంది.   చలి నెలల్లో తీసిన మందుల నమూనా పరీక్షలో పాసయినా, మేలో ట్రేలో ఉన్న మందు గురించి అది మనకు ఏమీ చెప్పదు. పైగా ప్రాణాపాయ కేసులు బోధన్ నుంచి నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్తాయి. దారిలో అంబులెన్సులో ఉన్న మందే దిక్కు.

దేశంలో ఆక్సిటోసిన్ మీద పెద్ద గొడవ మాత్రం వేరే విషయం మీద నడిచింది. పాడి పశువులకు దుర్వినియోగం చేస్తున్నారని 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు తయారీని కేంద్రం నిషేధించింది, డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఫ్రిజ్ సంగతి అంతగా వినపడలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

అన్ని మందులకూ ఒకే భయం అక్కర్లేదు. ఫిట్స్‌కిచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌కూ, రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌కూ ఫ్రిజ్ అవసరం లేదు. ఆక్సిటోసిన్‌లాగే పనిచేసే, వేడిని తట్టుకునే కార్బెటోసిన్ 30 డిగ్రీల్లో మూడేళ్లు నిలుస్తుంది. 2018లో వెలువడిన ఛాంపియన్ ట్రయల్‌లో పది దేశాల్లో 29,645 మంది తల్లులపై దాన్ని ఆక్సిటోసిన్‌తో పోల్చి చూశారు. 500 మిల్లీలీటర్లు లేదా అంతకు మించిన స్రావాన్ని, అదనపు మందు అవసరాన్ని కలిపి లెక్కిస్తే అది ఆక్సిటోసిన్‌కు తీసిపోలేదు. అయితే అందులో ఆక్సిటోసిన్‌ను చల్లగానే భద్రపరిచారు. చలువ సరిగ్గా అందని చోట కార్బెటోసిన్ విలువ ఆ అంకెలు చూపినదానికంటే ఎక్కువే ఉండవచ్చని నా అంచనా.

అందుకే కరెంటు నిలకడగా లేని కేంద్రాలకు ముందు కార్బెటోసిన్ ఇవ్వాలి. మిగతా చోట్ల ట్రేలో ఆ షిఫ్టుకు సరిపడా ఆంపుళ్లే ఉంచి, మిగిలినవి ఫ్రిజ్‌లోకి తిరిగి చేర్చాలి. మిథైల్ ఎర్గోమెట్రిన్‌ను వాడే దాకా పెట్టెలోంచి తీయకూడదు. ఇక నాణ్యత పరీక్షకు నమూనాలను మే చివర్లో, స్టోరు నుంచి కాకుండా లేబర్ రూమ్ ట్రే నుంచీ, అంబులెన్సు నుంచీ తీయాలి.