కుశలప్రశ్న: కార్డు ముక్క మొదలు ఫోను పిలుపు దాక

1879లో పోస్టుకార్డు కాలణా వెలకు మన దేశమున వెలువడిన నాటికి, గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై యిరువదియేడేండ్లు గడచినవి. కాలువలు పారి, మాగాణము పెరిగి, డెల్టా జనము కొంత కలిమిని చూచినను, ఊరు విడువక తప్పనివారు విడుచుచునే యుండిరి: కాకినాడ రేవున ఓడ యెక్కి కూలికై రంగము పోయినవారు, చదువులకై రాజమహేంద్రవరమును మద్రాసును చేరినవారు, అత్తవారింటికి పోయి ఏ లంకలోనో నిలిచిన ఆడుబిడ్డలు. వీరిని పుట్టినింటితో కలిపి కట్టినది ఆ కార్డు ముక్కయే. ‘ఉభయకుశలోపరి’ అని యెత్తుకొని, వానల సంగతి, ధాన్యపు ధర, గేదె యీనిన వార్త, పెద్దల దగ్గు, అన్నియు ఆ యిరుకున నిమిడ్చి, చోటు చాలక అంచుల వెంబడి అడ్డముగా గూడ వ్రాసెడివారు. నాలుగు మూలల పసుపు పూసిన కార్డు శుభమును ముందే చాటెడిది. మరణవార్త తెచ్చినదానిని వాకిటనే చదివి చింపివేసెడివారు, అది గడప దాటరాదు.

అయితే అందుకొన్నవారిలో చదువు వచ్చినవారెందరు? పోస్టుమానో, బడిపంతులో అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదువుచుండ, ఇంటివారితోపాటు ఇరుగుపొరుగువారును విని తల లూపెడివారు. ఇట్లు పదుగురి చెవిని పడు వ్రాతలో వ్రాయరాని సంగతులు కొన్ని యుండుట సహజము. వానిలో మొదటిది మనోవ్యాధి. జ్వరము వ్రాయవచ్చును, విషూచి వ్రాయవచ్చును. కోడలు నెల దినములుగా అన్నము ముట్టక గోడవైపు తిరిగి పండుకొన్నదని కార్డుమీద వ్రాయుటకు ఎవరికి చేయి వచ్చును? దిష్టి తీయించిరి, తాయెత్తు కట్టించిరి, మ్రొక్కుకొనిరి. విశాఖపట్టణమున పందొమ్మిదవ శతాబ్దమునందే నెలకొన్న పిచ్చాసుపత్రి, గోదావరి తీరమున ఎగతాళిమాటగా పనికివచ్చినంతగా చికిత్సాస్థానముగా పనికిరాలేదని నా యభిప్రాయము. అచ్చటనుండి తిరిగివచ్చినవానిని ఊరు వింతగా చూచెడిదే గాని, ‘ఎట్లున్నావు నాయనా’ యని అడిగెడిది కాదు.

ఆ యడుగుటయే ఒక చికిత్స కావచ్చునని పరీక్షకు పెట్టినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు మనోవైద్యుడు జెరోమ్ మోటో. రెండవ ప్రపంచయుద్ధమున తాను సైనికుడుగా నున్నప్పుడు, ఏమియు కోరని ఒక యువతి యుత్తరములు తన కిచ్చిన ధైర్యము ఆయన మరువలేదట. క్రుంగుబాటువలననో ఆత్మహత్యాచింతవలననో ఆసుపత్రిలో చేరి, ఇల్లు చేరిన పిమ్మట ఇక వైద్యము వలదన్న 843 మందిని 1969 మొదలు ఆయన రెండు తెగలుగా విభజించి, ఒక తెగవారికి ఐదేండ్లలో 24 ఉత్తరములు పంపించెను. వానిలో హితబోధ లేదు, మందు మింగితిరా యను ప్రశ్న లేదు, జవాబు వ్రాయవలెనను నిర్బంధము లేదు. తలచుకొంటిమని, కులాసాయని నమ్ముచున్నామని రెండు వాక్యములు మాత్రమే. తొలి రెండేండ్లలో ఉత్తరములందినవారిలో ఆత్మహత్యలు తక్కువగా నుండెను. పిదప ఆ భేదము క్రమముగా తరిగినది. ఈ విషయము 2001లో పూర్ణముగా ప్రకటితమైన తరువాత ఆస్ట్రేలియాలో పోస్టుకార్డులతోను, డబ్లిన్‌లోను కెనడాలోని ఆల్బర్టాలోను ఫోను సందేశములతోను ఇదే మార్గమును తొక్కిరి. మనకు ఒకప్పుడు రాజధానియైన మద్రాసు కూడ ఈ కథలో కలదు: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశములలో 1,867 మందితో నడపిన పరీక్షకు చెన్నై ఒక కేంద్రము. ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవారిని ఫోనుద్వారానో ఇంటికి పోయియో పదునెనిమిది నెలలు పలుకరించుచుండగా, వారిలో ఆత్మహత్యా మరణములు నూటికి 0.2, మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో 2.2.

పశ్చిమ గోదావరికి ఈ పద్ధతి వచ్చినది గత దశాబ్దమున, ఆరోగ్య పరిశోధన సంస్థయైన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అను పేర నడపిన ప్రయత్నముతో. ఇచ్చట లిఖితసందేశము చెల్లలేదు. తొలినాళ్ల చౌక ఫోనులు అనేకములు తెలుగక్షరములను చూపజాలకుండెను. చూపినను చదువజాలనివారు ఇంకను కలరు. కనుక ముందుగా ధ్వనిముద్రణము చేసిన మాటలను ఫోనులో వినిపించిరి. అరుగుమీది పంతులుగారి గొంతుక యంత్రమున చేరిన దనవలెను. ఆశా కార్యకర్త టాబ్లెట్ యంత్రమును చేతబట్టి ఇల్లిల్లు తిరిగి నిద్ర, ఆకలి, దిగులు, భయములను గూర్చి ప్రశ్నించెడిది. అనుమానము గలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునివద్దకు పొమ్మనెడిది. ఆ వైద్యునికి ఏమి చేయదగునో మరియొక టాబ్లెట్ సూచించెడిది. వైద్యునివద్దకు పొండని, చికిత్స మానకుడని రోగికి ఫోను వచ్చెడిది, విచారింపుడని ఆశాకు, వైద్యునికి గూడ వచ్చెడిది. ఊళ్లలో నాటకము, వీడియో చూపి సిగ్గును పోగొట్టుటకు పాటుపడిరి.

30 గిరిజన గ్రామములలో 5,007 మందిని ప్రశ్నింపగా 238 మందికి మానసిక బాధ యున్నట్లు తోచినది; వారిలో అంతకుముందు ఏ వైద్యమైన పొందినవారు ఇద్దరే. ఈ ప్రయత్నమున వైద్యుని చూచినవారు 30 మంది. తరువాత 12 మైదాన గ్రామములలో 22,046 మందిని ప్రశ్నింపగా 900 మంది తేలిరి; వారిలో 731 మంది వైద్యుని చేరిరి. ఈ యంతరమును ఫోను మహిమకు కట్టబెట్టుట న్యాయము కాదు: ఏజెన్సీలో సిగ్నలు అందదు, బస్సు దొరకదు, ఒకనాటి కూలి పోవును. ఇంటికి ఒకే ఫోను, అదియు మగవాని చొక్కా జేబులో నుండుచోట, భార్య దిగులునకు సంబంధించిన పిలుపును మొదట వినునది ఎవరు? కార్డును పదుగురెదుట చదివినప్పటి చిక్కు ఇచ్చట రూపు మార్చుకొని మరల ఎదురైనది. ఈ యొక్క విషయమున మాత్రము యంత్రముకంటె, పెరటిలో బావిగట్టున నిలిచి నెమ్మదిగా అడుగు ఆశాయే మేలు.

2022 అక్టోబరు 10న వెలసిన టెలీ-మానస్ అను మానసికారోగ్య ఫోను సేవలో 14416 సంఖ్యకు ఎవరైనను పిలువవచ్చును, తెలుగున మాటాడువారు దొరకుదురు. అయితే అంకెలు నొక్కవలసినవాడు క్రుంగినవాడే. ముందుగా ఇంటికి పోవు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ మార్గమును పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలలోను 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో మరల పరీక్షించి, క్రుంగుబాటు తగ్గినదని 2024లో ప్రకటించిరి. ఆ తగ్గుదలలో ఫోను మాటల వంతెంత, ఆశా కార్యకర్త రాకపోకల వంతెంత, వైద్యుని మందు వంతెంత యని విడివిడిగా తూచుట ఆ పరీక్షలో జరుగలేదు.