కంపెనీ పది వ్యాపారాల్లో చేయి పెడితే షేరుకు రక్షణా, ముప్పా?

పెద్దకడుబూరు, ఆదోని చుట్టుపక్కల రైతుకు ఒక్క పంటనే నమ్ముకోవద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. పత్తి దెబ్బతింటే వేరుశనగో మిరపో కొంత ఆదుకుంటుంది. కంపెనీలు కూడా ఇదే మాట చెప్పి కొత్త వ్యాపారాల్లోకి దిగుతాయి. దీన్ని డైవర్సిఫికేషన్ అంటారు.

షేరు రోజూ కాస్త పెరగడం, తగ్గడం మామూలే. క్రాష్ అంటే అది కాదు, ఒక్కసారిగా కుప్పకూలడం. యాజమాన్యం చెడు వార్తను దాచుకుంటూ పోతే, ఇక దాచలేని రోజున అంతా ఒకేసారి బయటపడుతుంది. వ్యాపారాలు ఎక్కువైతే ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభం పూడుస్తుంది, అది మేలే. కానీ అదే లాభం నష్టాన్ని కనబడకుండా కూడా చేస్తుంది. పత్తి లెక్క, కిరాణా కొట్టు లెక్క ఒకే పుస్తకంలో కలిపి రాస్తే ఏది మునుగుతోందో ఇంట్లోవాళ్లకే తెలియదు కదా!

మన తెలుగు గడ్డ మీద దీనికి పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబర్ 16న ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. (సత్యం పేరును ఇంగ్లిష్‌లో తిరగేసి రాస్తే మేటాస్.) చెప్పిన కారణం డైవర్సిఫికేషనే. వాటాదారులు మండిపడ్డారు, గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. మర్నాడు ముంబైలో షేరు 30 శాతం దాకా పడింది.

అసలు దెబ్బ 2009 జనవరి 7న. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన రూ.5,361 కోట్లలో రూ.5,040 కోట్లు లేనే లేవని రాజు లేఖ రాశారు. దొంగ లెక్కల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి మేటాస్ కొనుగోలు ఆఖరి ప్రయత్నమని కూడా అందులోనే ఉంది. ఆ ఒక్కరోజే షేరు రూ.179 నుంచి దాదాపు రూ.40కి జారింది. ఇక్కడొకటి గమనించాలి: సత్యాన్ని కూల్చింది డైవర్సిఫికేషన్ కాదు. అది కప్పిపుచ్చడానికి వేసిన ముసుగు, ముసుగు పడకపోవడంతో గుట్టు బయటికొచ్చింది.

మొబైల్ యాప్‌లో షేర్లు కొంటున్న మన పిల్లలు వార్షిక నివేదికలో రెండు చోట్ల తప్పక చూడాలి. సెగ్మెంట్ల పట్టికలో ఏ వ్యాపారం ఎంత సంపాదిస్తోందో విడివిడిగా ఉంటుంది. సంబంధిత పార్టీల లావాదేవీల్లో యజమాని బంధువుల కంపెనీలకు ఎంత డబ్బు పోతోందో తెలుస్తుంది. ప్రమోటర్ ఎన్ని షేర్లు తాకట్టు పెట్టాడన్నది స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఈ వివరం బయటపెట్టడాన్ని సెబీ తప్పనిసరి చేసింది సత్యం గొడవ తర్వాతే.

హలాల్ చూసుకునేవాళ్లకు సెగ్మెంట్ల పట్టిక ఇంకో రకంగానూ అవసరం. సిమెంట్ కంపెనీ అనుకుని కొంటాం, దాని కింద వడ్డీకి అప్పులిచ్చే ఫైనాన్స్ సంస్థ ఉండొచ్చు. కొన్నప్పుడు లేకపోయినా తర్వాత పెట్టొచ్చు, అందుకే ఈ పట్టికను ఏటా చూడాలి.