బడిపిల్లల రాకెట్లు: ఒక చిన్న చరిత్ర

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. హాస్టలు ముచ్చట్లు, మాస్టార్ల బెత్తం దెబ్బలు నాకన్నా బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన విషయం వేరే ఒకటుంది. టెక్సాస్‌లో ఉంటూ కొన్నేళ్ళుగా సెలవు రోజుల్లో ఇంట్లోనే రాకెట్లు తయారుచేసి ఎగరేస్తున్నాను. ఈ సరదాకు డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో బడిపిల్లలూ టీచర్లూ ముఖ్యులు కాబట్టి ఆ సంగతులే రాస్తున్నాను.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. దాంతో అమెరికాలో ఊరూరా పిల్లలకు రాకెట్ల పిచ్చి పట్టుకుంది. ఇనుప గొట్టాల్లో చేతికందిన రసాయనాలు కూరి నిప్పంటించేవారు. చాలా గొట్టాలు ఎగరకుండా పేలిపోయేవి. వేళ్ళు పోయినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు, ప్రాణాలే పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ పిల్లల్లో ఒకడు హోమర్ హికమ్. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరు వాళ్ళది. తండ్రి గని సూపరింటెండెంటు. అతను వదిలిన మొదటి రాకెట్ వాళ్ళమ్మ గులాబీ తోట కంచెను పేల్చేసింది. అక్కడితో ఆగిపోవలసిన కథను ముందుకు నడిపినవారిలో బిగ్ క్రీక్ హైస్కూలు సైన్సు టీచరు ఫ్రీడా రైలీ ఒకరు. క్షిపణుల నిర్మాణం మీద ఒక పెద్ద పుస్తకం తెప్పించి ఆమె ఆ పిల్లల చేతిలో పెట్టారు. అది అర్థం కావాలంటే కాలిక్యులస్ రావాలి. రాకెట్ కోసం పిల్లలు అదీ నేర్చుకున్నారు. గని వర్క్‌షాపు కార్మికులు లేతు మీద నాజిళ్ళు చేసిపెట్టారు. రాకెట్ ఎంత ఎత్తు వెళ్ళిందో త్రికోణమితితో లెక్కకట్టారు. 1960లో జాతీయ సైన్స్ ఫెయిర్‌లో వాళ్ళకు పతకం వచ్చింది. హికమ్ తర్వాత నాసాలో ఇంజనీరయ్యారు. 1998లో ఆయన రాసిన ‘రాకెట్ బాయ్స్’ ఆధారంగా మరుసటి ఏడు ‘అక్టోబర్ స్కై’ సినిమా వచ్చింది. రైలీ టీచరు మాత్రం హాడ్జ్‌కిన్స్ వ్యాధితో 1969లో, ముప్పై ఒకటో ఏటనే కన్నుమూశారు. ఆ పుస్తకాన్నీ సినిమానూ ఆమె చూడలేదు.

అయితే ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి టీచరు, ఇలాంటి వర్క్‌షాపు ఉండవు కదా! మిగతా పిల్లల గతి ఏమిటి? దీనికి జవాబు ఒక చెప్పుల కొట్టు నుంచి వచ్చింది. నెబ్రాస్కాలోని నార్ఫోక్‌లో ఓర్విల్ కార్లైల్‌ది చెప్పుల వ్యాపారం. బాణసంచా ఆయన సరదా. ఆయన సోదరుడు రాబర్ట్‌కు మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరూ కలిసి 1954లో ఒక చిన్న రాకెట్ చేశారు. ఒంట్లో లోహం లేదు. కాలిపోయిన మోటారు తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. పైకెళ్ళాక పారాషూట్ విప్పుకుని దిగుతుంది. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేస్తున్న హ్యారీ స్టైన్, పిల్లల ప్రమాదాలపై 1957లో ఒక పత్రికలో రాసిన వ్యాసం చదివి, కార్లైల్ ఆయనకు తన రాకెట్లు పంపారు. ఆ ఏడే స్టైన్ మోడల్ రాకెట్ల సంఘాన్ని, ఒక కంపెనీని మొదలుపెట్టారు. మోటార్లు కావలసివచ్చినప్పుడు డెన్వర్‌లో బాణసంచా వ్యాపారుల కుటుంబానికి చెందిన వెర్న్ ఎస్టెస్ ముందుకొచ్చారు. ఆయన కట్టిన యంత్రం ఐదున్నర సెకన్లకు ఒక మోటారు తయారుచేసేది. దానికి ఆయన ముద్దుగా ‘మేబుల్’ అని పేరు పెట్టుకున్నారు.

అసలు మార్పు ఇక్కడే వచ్చింది. మందు కూరే పని ఫ్యాక్టరీకి పోయింది. అట్టగొట్టం, రెక్కలు, ముక్కు, పారాషూట్ పిల్లల చేతిలో మిగిలాయి. దూరంగా నిలబడి బ్యాటరీ మీట నొక్కి అంటించాలని నియమం పెట్టారు. పిల్లలు నేర్చుకోవలసిన సైన్సంతా వాళ్ళకే మిగిలింది, ప్రమాదం చాలావరకు తగ్గింది.

మోటారు శక్తిని ఇంగ్లీషు అక్షరాలతో చెబుతారు. ‘ఎ’ మోటారు గరిష్ఠంగా 2.5 న్యూటన్-సెకన్లు ఇస్తుంది. అక్కడి నుంచి ప్రతి అక్షరానికీ రెట్టింపు. అలా ‘జి’ దగ్గరికొచ్చేసరికి 160. ఆ పైన ‘హెచ్’ నుంచి హై-పవర్ తరగతి మొదలవుతుంది. ఆ తరగతికి మూడు స్థాయిల సర్టిఫికెట్లున్నాయి. వీటినిచ్చే రెండు సంఘాల్లో ఒకటైన ట్రిపోలి 1964లో పెన్సిల్వేనియాలో కొందరు హైస్కూలు పిల్లలు పెట్టుకున్న సైన్సు క్లబ్బే. హై-పవర్ మోటార్లలో సాధారణంగా వాడేది అమ్మోనియం పర్‌క్లోరేట్ మిశ్రమ ఇంధనం. దాన్ని పేలుడు పదార్థంగా లెక్కగట్టిన ప్రభుత్వ శాఖపై ఈ రెండు సంఘాలు 2000లో కోర్టుకెక్కి, 2009లో గెలిచాయి. మన శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ మొదటి దశలో మండేదీ ఆ జాతి ఇంధనమే.

నా మొదటి స్థాయి రాకెట్ నాలుగంగుళాల అట్టగొట్టం. ప్లైవుడ్ రెక్కలను ఎపాక్సీతో అంటించాను. తారాజువ్వకు పుల్ల చేసే పనిని దీనికి రెక్కలు చేస్తాయి. గాలి ఒత్తిడి కేంద్రం కన్నా బరువు కేంద్రం కనీసం ఒక గొట్టం వెడల్పంత ముందు ఉండాలి. లేకపోతే రాకెట్ పల్టీలు కొడుతుంది. మైదానంలో రక్షణాధికారి రెక్కలు ఊపి చూసి, పారాషూట్ తాడు లాగి చూసి, సరేనన్నాకే ఎగరేయనిచ్చారు. దాదాపు 1,200 అడుగులు వెళ్ళింది. ఎంత ఎత్తు వెళ్ళినా, మళ్ళీ ఎగరగలిగే స్థితిలో దిగితేనే సర్టిఫికెట్ ఇస్తారు. అది దిగింది.

ఇప్పుడు మన గడ్డ సంగతి. తుంబా నుంచి 1967లో ఎగిరిన మన తొలి సొంత రాకెట్ రోహిణి-75. వ్యాసం 75 మిల్లీమీటర్లు మాత్రమే. ఈనాడు హై-పవర్ రాకెట్లకు అమ్మే మోటార్ల కొలతల్లో 75 మిల్లీమీటర్లు ఒకటి. శ్రీహరికోటలో మొదటి ప్రయోగం 1971 అక్టోబరు 9న జరిగింది. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 విఫలమైంది. 1980 జూలై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆనాడు బడిలో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన సైన్సు మాస్టారు ఆ రోజు పాఠం పక్కనపెట్టి నల్లబల్ల మీద నాలుగు దశల బొమ్మ గీసి, ఒక్కో దశ ఎందుకు రాలిపోతుందో చెప్పారు. నాకు రాకెట్ అర్థమైంది ఆ రోజే.

మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇప్పటికీ ఉంది. లైసెన్సు లేకుండా మందు తయారుచేయకూడదు, పిల్లలు అసలే చేయకూడదు. కానీ దీపావళికి టపాకాయలు విప్పి మందు పోగేసే పిల్లలు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వద్దని తిడితే ఇంటి వెనక్కి వెళ్ళి చేస్తారు.

అందుకే మన సంఘానికి ఒక మనవి. మన బడిలో నీటి రాకెట్ల క్లబ్బు పెడదాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, మూడో వంతు నీళ్ళు, సైకిల్ పంపు, అట్ట రెక్కలు చాలు. నిప్పు అక్కర్లేదు. గాలి నలభై పౌండ్లు దాటకూడదు. అందరూ వెనక్కి జరిగాక, దూరం నుంచి తాడు లాగి వదలాలి. ముప్పై మీటర్ల దూరంలో నిలబడి చూస్తే రాకెట్ నలభై అయిదు డిగ్రీల కోణంలో కనిపించిందనుకోండి, అది కంటిమట్టం నుంచి ముప్పై మీటర్లు వెళ్ళినట్టు. పదో తరగతి త్రికోణమితి పిల్లల కళ్ళముందే పనిచేస్తుంది.

స్టాండు, పంపుల ఖర్చు నేను పెట్టుకుంటాను. వారానికి ఒక గంట పిల్లల పక్కన మైదానంలో నిలబడే టీచరు ఒకరు కావాలి. ఇప్పుడు బడిలో పనిచేస్తున్న గురువులు ఎవరైనా ముందుకొస్తే, వచ్చే విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రారంభించవచ్చు.