నల్ల పట్టీ, నిమిషం మౌనం: కోచ్ ఇంటి చావు గ్యాలరీకి చేరిన వైనం

ఆట మొదలయ్యే ముందు మైదానంలో పాటించే మౌనం సైనికుల స్మరణ నుంచి క్రీడల్లోకి వచ్చిందన్నది అందరికీ తెలిసిన విషయమే గానీ, ఆ మౌనాన్ని ఒక నగరమంతటి చేత రోజూ పాటింపజేసిన తొలి మనిషి ఒక టెస్టు క్రికెటర్‌కు కన్నతండ్రి అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు మేయర్‌గా ఉన్న హ్యారీ హ్యాండ్స్ కుమారుడు రెజినాల్డ్, 1910లో ఇంగ్లండ్ తరఫున రెండు రగ్బీ మ్యాచ్‌లు, 1914లో దక్షిణాఫ్రికా తరఫున ఒకే ఒక్క టెస్టు ఆడి, ఫ్రాన్సు యుద్ధరంగంలో విషవాయువు సోకి 1918 ఏప్రిల్ 20న మరణించాడు. నెల తిరగకముందే, మే 14న, ఆ తండ్రి తన నగరంలో మధ్యాహ్నపు మౌనాన్ని ప్రవేశపెట్టారు.

ఆ మౌనం జరిగిన తీరును కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే నేటి స్టేడియాలలో మిగిలింది దాని పొట్టి నకలు మాత్రమే. సలహా ఇచ్చినది రాబర్ట్ బ్రైడోన్ అనే నగర కౌన్సిలర్ కాగా, అమలు చేసినది మేయర్. ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికి సిగ్నల్ హిల్ అనే గుట్ట మీది నుంచి రోజూ పన్నెండింటికి పేల్చే ఫిరంగి మోతనే సంకేతంగా తీసుకుని, అడర్లీ వీధిలో ట్రాములు నిలిచిపోయేవి, మగవాళ్లు టోపీలు తీసేవారు, ఒక దుకాణం మేడ మీది నుంచి బాకా ఊదేవారు. తొలినాడు మూడు నిమిషాలు పాటించగా అది మరీ ఎక్కువ అనిపించి మర్నాటి నుంచి రెండు నిమిషాలకు తగ్గించారు. ఈ పద్ధతి ఒక ఏడాది పాటు ప్రతిరోజూ సాగింది. నడిబజారులో బేరాలు ఆపి ఒక ఊరు ఊరంతా ఏడాది పాటు రోజుకు రెండు నిమిషాలు నిలబడిందంటే, అంతమంది ఇళ్లకు యుద్ధం నుంచి తంతివార్తలు వచ్చాయన్నమాట. మేయర్ ఇల్లు వాటిలో ఒకటి మాత్రమే.

దీన్ని లండన్ దాకా మోసుకెళ్లినది కూడా కొడుకును పోగొట్టుకున్న తండ్రే. దక్షిణాఫ్రికా రచయిత, రాజకీయవేత్త అయిన పెర్సీ ఫిట్జ్‌ప్యాట్రిక్ పెద్దకొడుకు నూజెంట్ 1917 డిసెంబరులో యుద్ధంలో మరణించగా, ఆయన 1919లో లార్డ్ మిల్నర్ ద్వారా బ్రిటిష్ ప్రభుత్వానికి చేసిన సూచన ఆధారంగా ఐదో జార్జి చక్రవర్తి నవంబరు 7న ప్రకటన వెలువరించడంతో, నాలుగు రోజుల తర్వాత సామ్రాజ్యమంతటా రెండు నిమిషాల మౌనం పాటించారు. దీనికి ఏడేళ్ల ముందే, 1912 ఫిబ్రవరిలో, పోర్చుగల్ సెనేట్ బ్రెజిల్ విదేశాంగ మంత్రి రియో బ్రాంకో మృతికి పది నిమిషాల మౌనం పాటించిన దాఖలా ఒకటి ఉంది గానీ, అది చట్టసభ గోడలు దాటలేదు. పైగా చట్టసభలో పది నిమిషాల మౌనం అన్నది వేరే కారణాల వల్ల కూడా విశేషమే.

మౌనానికి తోడుగా వచ్చే నల్ల పట్టీ పుట్టుక ఇంకా లౌకికమైనది. యూరప్‌లో ఆప్తులు పోయినవారు నెలల తరబడి నల్లదుస్తులు ధరించే ఆచారం ఉండగా, నిలువెల్లా నల్లబట్టలు కుట్టించుకునే స్తోమత లేనివారికీ, యూనిఫారం విప్పడానికి వీల్లేని సైనికులకూ జబ్బకు కట్టుకునే నల్లగుడ్డ పీలిక సరిపోయేది. ఆటగాడు కూడా యూనిఫారంలో ఉండే మనిషే కాబట్టి ఆ పీలిక మైదానంలోకి తేలికగా వచ్చింది. తెలుగునాట హిందువుల ఇళ్లలో సంతాపపు రంగు నలుపు కాదు. హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం రోజుల్లో షియాలు ధరించే నల్లదుస్తులను మినహాయిస్తే, ఇక్కడ జబ్బకు కట్టుకున్న నలుపు నిరసనకు గుర్తు. జీతాల కోసం, బదిలీల కోసం ఉద్యోగులు పెట్టుకునే నల్లబ్యాడ్జీ అందరూ ఎరిగినదే. ఈ రెండు అర్థాలనూ ఒకే గుడ్డలో కలిపి కట్టిన సందర్భం 2003 ఫిబ్రవరి 10న హరారేలో వచ్చింది. ప్రపంచకప్ మ్యాచ్‌లో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా తమ దేశంలో ప్రజాస్వామ్యం చనిపోయిందంటూ నల్ల పట్టీలు ధరించారు. ఇప్పుడైతే పట్టీకి అనుమతి కావాలి. 2023 డిసెంబరులో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా ముందస్తు అనుమతి లేకుండా నల్ల పట్టీ కట్టుకున్నందుకు అంతర్జాతీయ క్రికెట్ మండలి అతడిని మందలించగా, అది తన సొంత మనుషుల మృతికి సంబంధించినదని అతడు చెప్పుకోవలసి వచ్చింది. ఎవరి చావుకు ఎవరు ఏడవాలో కార్యాలయం నిర్ణయించే రోజు వస్తుందని కేప్‌టౌన్ మేయర్ ఊహించి ఉండరు.

మైదానాల సంతాపం ఒకప్పుడు రాజులకు దక్కేది. 1952 ఫిబ్రవరి 6న మద్రాసు చేపాక్‌లో భారత్, ఇంగ్లండ్ టెస్టు మొదలైన రోజునే ఆరో జార్జి మరణవార్త రావడంతో, మర్నాడు ఆట ఆపి, తర్వాత ఇవ్వవలసిన విశ్రాంతి దినాన్ని ముందుకు జరిపారు. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ కూడా ఆడిన ఆ టెస్టులోనే భారత్ తన మొట్టమొదటి టెస్టు విజయాన్ని, ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో సాధించింది. గణతంత్రమై రెండేళ్లు దాటిన దేశం పాత పాలకుడి చావుకు ఒక రోజు ఆట మానుకుని, ఆ తర్వాత అతని జట్టును చిత్తుగా ఓడించడంలో ఉన్న మర్యాద గమనించదగినది. రాజుకు దక్కిన ఆ ఆగిపోవడం జట్టుకు పాఠం చెప్పే గురువు ఇంటికి దక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆ కాలపు ఫుట్‌బాల్ గురువులలో సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను మించినవారు దేశంలో లేరు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, బడిపంతులుగా పనిచేసి, 1943 నుంచి చనిపోయే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుర్రాళ్లు బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించడం నేర్చుకోవాలని డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహించడం ఆయన పద్ధతి. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ నుంచి రావలసిన తులసీదాస్ బలరామ్‌కు సైకిల్ అద్దె డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవారు. ఆయన కుమారుడు హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు కాబట్టి కోచ్ ఇల్లు, జట్టు అనేవి అక్కడ రెండు వేర్వేరు లోకాలు కావు.

1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ నాటికి రహీమ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించడంతో ఆగ్రహించిన స్థానిక ప్రేక్షకులు భారత జట్టు మీద మొదటి నుంచీ ఈలలూ కేకలూ కురిపించగా, గ్యాలరీలో భారత్ వైపు నిలిచి అరిచినది పాకిస్తాన్ హాకీ జట్టు ఒక్కటేనని అప్పటి ఆటగాళ్లు ఆ తర్వాత చెప్పుకునేవారు. పి.కె. బెనర్జీ, తలకు కుట్లతోనే ముందు వరుసలో ఆడిన జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టగా భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆ గ్యాలరీకి భారత కోచ్ ప్రాణం మీదికి వచ్చిందని తెలియదు, తెలిసినా ఈలలు ఆగేవని చెప్పడం కష్టం. 1963 జూన్ 11న రహీమ్ మరణించారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కినది 1970 బ్యాంకాక్ కాంస్యం ఒక్కటే. గురువును ఆటగాళ్లు గుర్తుపెట్టుకున్నారు, కథలుగా చెప్పుకున్నారు. గ్యాలరీ మాత్రం ఆయనతో పాటే పలచబడింది. పోలీస్ జట్టు మ్యాచ్‌లు చూడటానికి జనం ఎగబడిన నగరంలో ఈ తరం ప్రేక్షకుల్లో చాలామందికి ఆయన పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా ద్వారా తెలియవలసి వచ్చింది.

తర్వాతి నాలుగు దశాబ్దాలలో చెప్పుకోదగినది తక్కువ. 1999 ప్రపంచకప్ మధ్యలో తండ్రి మరణించగా ఇంటికి వచ్చి, తిరిగి ఇంగ్లండ్ వెళ్లి మే 23న బ్రిస్టల్‌లో కెన్యా మీద అజేయంగా 140 పరుగులు చేసిన సచిన్ టెండూల్కర్ ఆకాశం వైపు చూసిన చూపుతో, ఆటగాడి ఇంటి విషాదం కోట్లాది మంది ఇళ్లలోకి టీవీ ద్వారా నేరుగా చేరింది. కోచ్ వంతు 2007లో అత్యంత క్రూరంగా వచ్చింది. ఐర్లండ్ చేతిలో ఓడిన మర్నాడే, మార్చి 18న, పాకిస్తాన్ కోచ్ బాబ్ వూల్మర్ జమైకాలో మరణించారు. ఓటమి కోపంతో దిష్టిబొమ్మలు తగలబెట్టిన అభిమానులే ఇరవై నాలుగు గంటలు గడవకముందే సంతాపం తెలపవలసి వచ్చింది. దిష్టిబొమ్మకు శవయాత్ర చేయడం తెలుగువారికి కొత్త కాదు కాబట్టి ఆ ఇబ్బంది ఎలాంటిదో ఇక్కడి పాఠకులకు వివరించనక్కరలేదు.

తెలుగు ఇళ్లలో చావు జరిగినప్పుడు పరామర్శకు ఒక పద్ధతి ఉంది. వెళ్లినవారు ఎక్కువ మాట్లాడరు, కాసేపు కూర్చుంటారు, లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనరు, చడీచప్పుడు లేకుండా గడప దాటుతారు. అభిమానికి ఆ గడప అందుబాటులో ఉండదు. అతనికి ఉన్నది గ్యాలరీ మాత్రమే, అక్కడ ఊరకే కూర్చోవడం అన్నింటికంటే కష్టమైన పని. ఎదుటి జట్టు అభిమానులు మౌనాన్ని అరుపులతో భంగపరుస్తారన్న భయమే, 2005 నవంబరులో ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ మరణించిన తర్వాత ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మౌనానికి బదులు నిమిషం చప్పట్లు వ్యాపించడానికి ఒక కారణం. చప్పట్లలో అల్లరి కలిసిపోతుంది. ఇది తెలివైన ఏర్పాటే గానీ, చప్పట్లు పోయినవారి ఆటకు సరిపోతాయి. ఏ ఆటా ఆడని ఒక తల్లికో బిడ్డకో సరిపోతాయా అన్నది సందేహమే.

ఆ సందేహానికి జవాబు 2025 మే 31న మ్యూనిక్‌లో దొరికింది. స్పెయిన్‌కు చెందిన కోచ్ లూయిస్ ఎన్రిక్ తొమ్మిదేళ్ల కుమార్తె షానా ఎముకల క్యాన్సర్‌తో 2019 ఆగస్టులో మరణించింది. 2015లో ఆయన శిక్షణలోని బార్సిలోనా ఛాంపియన్స్ లీగ్ కప్ గెలిచినప్పుడు ఆ పాప బెర్లిన్ మైదానంలో క్లబ్బు జెండా పాతింది. పదేళ్ల తర్వాత ఆయనే కోచ్‌గా ఉన్న పారిస్ సెయింట్ జర్మేన్ ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి అదే కప్ గెలిచినప్పుడు, పారిస్ అభిమానులు గ్యాలరీలో పరిచిన పెద్ద బట్టబొమ్మలో తండ్రి పక్కన ఆ పాప పారిస్ చొక్కా తొడుక్కుని ఉంది, జెండా మాత్రం పారిస్ జెండా. తమ జట్టుతో సంబంధం లేని బిడ్డకు తమ చొక్కా తొడిగి ఇంటిపిల్లను చేసుకోవడం ఏ సంఘం ఆదేశించినదీ కాదు. ఈ చరిత్ర మొత్తంలో ప్రేక్షకులు సొంతంగా కనిపెట్టిన పరామర్శ ఇదే అనిపిస్తుంది.

గ్యాలరీ ఎప్పుడూ ఇంత మెత్తగా ఉండదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని రాయదుర్గానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని టోలిచౌకి ప్రాంతం నుంచి ఎదిగిన మహ్మద్ సిరాజ్, 2020 నవంబరు 20న ఆటో నడిపిన తండ్రి మరణించినా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి, 2021 జనవరి 7న సిడ్నీలో జాతీయగీతం వేళ కన్నీళ్లు పెట్టుకోవడం ప్రపంచమంతా చూసింది. అదే సిడ్నీలో, అదే టెస్టులో, ప్రేక్షకులు కొందరు అతడిని జాతి పేరుతో దూషించగా ఆట ఆగి, ఆరుగురిని బయటికి పంపవలసి వచ్చింది. అతడు బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీసి, శంషాబాద్ విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా ఆటగాళ్లు తమ కెప్టెన్ ప్యాట్ కమిన్స్ తల్లి మృతికి నల్ల పట్టీలు ధరించారు. ఆ కమిన్సే మరుసటి ఏడాది సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ అయ్యాడు. 2025 ఏప్రిల్ 23న ఉప్పల్‌లో అతని జట్టు ముంబైతో ఆడినప్పుడు, పహల్గామ్ ఉగ్రదాడి మృతుల కోసం ఆటగాళ్లూ అంపైర్లూ నల్ల పట్టీలు కట్టుకుని మౌనం పాటించారు, బాణసంచా, చీర్‌గర్ల్స్ నృత్యాలు రద్దయ్యాయి.

ఐటీ కారిడార్‌కు సొంత గ్యాలరీ అంటూ ఉన్నది గచ్చిబౌలిలో. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన ఆ స్టేడియానికి, అదే ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు, అంటే ఆ ప్రాంగణం పేరులోనే ఒక సంతాపం ఉంది. 2019లో, రాయదుర్గం దాకా మెట్రో వచ్చిన ఏడాదే, హైదరాబాద్ ఎఫ్‌సీ అక్కడ ఆడటం మొదలుపెట్టి, 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కంపెనీ బస్సు దిగి ల్యాప్‌టాప్ సంచితోనే గ్యాలరీకి చేరే అభిమాని, రహీమ్ కాలం తర్వాత ఈ నగరానికి దొరికిన కొత్త ఫుట్‌బాల్ ప్రేక్షకుడు. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోవడంతో ఆ ప్రేక్షకుడికి మైదానం మిగిలింది గానీ జట్టు లేదు, కోచ్ లేడు. ఉప్పల్‌లో కోచ్ ఉన్నాడు గానీ, క్రికెట్ ప్రేక్షకుడికి కోచ్ అంటే టోపీ పెట్టుకుని డగౌట్‌లో కూర్చునే మనిషి. అతని ఇంట్లో చావు జరిగితే ఫోనులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి, తర్వాతి ఓవర్ ఎవరికి ఇస్తారా అని చూస్తాడు.