గ్రూప్ టూర్ పుట్టిన కథ

ఇప్పుడు మనం టూర్ వాళ్లకి డబ్బు కట్టేసి నిశ్చింతగా పెట్టె సర్దుకుంటున్నామంటే, ఆ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఇంగ్లండులోని థామస్ కుక్‌ని. 1841 జూలై 5న, మద్యపాన వ్యతిరేక సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరోకి సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు.

1863లో ఆయన స్విట్జర్లాండుకి ఒక బృందాన్ని తీసుకెళ్లాడు. ఆడవాళ్లు ఒంటరిగా ఊరు దాటితే నలుగురూ వింతగా చూసే రోజులవి. టికెట్లూ, బసా చూసే మనిషి తోడుంటే వాళ్లకి ధైర్యం వచ్చింది. ఆ బృందంలోని జెమీమా మోరెల్ పొడుగు గౌనుతోనే మంచు మీద నడిచి, చూసినవన్నీ డైరీలో రాసుకుంది. నూరేళ్లకి, 1963లో, అది పుస్తకమైంది. ఆ ప్రయాణం ఈనాటికీ ఆమె మాటల్లోనే బతికుంది.

అందుకే విదేశం వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు నకలు, మందుల చీటీతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. రోజూ పడుకునే ముందు నాలుగు ముక్కలు రాయండి. మన మనవరాళ్లు చదువుకుంటారు.