పేరు లేని పాత గ్రామఫోన్: గుర్తుపట్టడం ఎలా? బాగుచేయడం ఎలా?

అటకమీద, పాత ట్రంకు పెట్టెల వెనకాల దాదాల కాలం నాటి గ్రామఫోన్ ఒక్కోసారి బయటపడుతుంది. చూడటానికి చిన్న సూట్‌కేసులా ఉంటుంది. మూత తెరిస్తే లోపల రికార్డు పెట్టే పళ్లెం, వంకర గొట్టం, పక్కన హ్యాండిల్ దూర్చే రంధ్రం కనిపిస్తాయి. కుక్క బొమ్మ గానీ, కంపెనీ పేరు గానీ ఎక్కడా ఉండవు. దీన్ని చూడగానే కొందరు పాత సామాన్లవాడికి వేసేస్తారు. ఇంకొందరు లక్షలు పలుకుతుందని ఆశపడతారు. రెండూ తొందరపాటే.

పేరెందుకు లేదు?

కరెంటు అవసరం లేని ఈ పెట్టెలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే ప్రచారంలోకి వచ్చాయి. 1914 నాటి డెక్కా పోర్టబుల్‌ను సైనికులు యుద్ధభూమికి కూడా తీసుకెళ్లారు. 1931లో వచ్చిన హెచ్‌ఎంవీ 102 అయితే ఎన్నో ఏళ్లపాటు అమ్ముడుపోయింది. ఇవి పెద్ద కంపెనీల సరుకు. వీటితోపాటు చిన్న వ్యాపారులు ఒకచోట మోటారు, మరోచోట సౌండ్ బాక్సు కొని, వాటిని పెట్టెలో బిగించి అమ్మేవారు. అందుకే చాలా పెట్టెలపై తయారీదారు పేరు దొరకదు. పేరు లేనంత మాత్రాన అది నకిలీ కాదు.

ఎక్కడ వెతకాలి?

పళ్లెం కింద ఉన్న మోటారు పలకపై ముందు చూడాలి. గ్యారార్డ్, కొల్లారో అని ఉంటే అది ఇంగ్లండ్ మోటారు. థోరెన్స్, పైయార్ అని ఉంటే స్విట్జర్లాండ్‌ది. అయితే ఆ పేరు మోటారుకే చెందుతుంది, మొత్తం పెట్టెకు కాదు. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు తయారైందని అర్థం.

సౌండ్ బాక్సు కూడా వయసు చెబుతుంది. మధ్యలో పారదర్శకమైన అభ్రకం రేకు ఉంటే సాధారణంగా అది పాత తరహాది. గరుకు గీతలున్న అల్యూమినియం రేకు ఉంటే 1920ల చివర్లోది, లేదా ఆ తర్వాతది. కాకపోతే సౌండ్ బాక్సును మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి ఒక్క గుర్తునే నమ్ముకుని తేల్చేయకూడదు.

ఇత్తడి బాకాతో, మెరిసే కుక్క బొమ్మ స్టిక్కరుతో బజార్లో దొరికే వాటిలో చాలా భాగం కొత్తగా అతికించినవే. పేరు లేని సూట్‌కేసు పెట్టెకు అలాంటి బొమ్మ అంటించకూడదు. దాంతో ఉన్న విలువ కూడా పోతుంది.

జబ్బు ఏమిటో తెలుసుకోవడం

మొదట హ్యాండిల్‌ను నాలుగైదు చుట్లు మాత్రమే, సవ్యదిశలో మెల్లగా తిప్పాలి.

- హ్యాండిల్ బరువు లేకుండా ఊరికే తిరుగుతుంటే స్ప్రింగు తెగింది, లేదా కొక్కెం నుంచి ఊడింది.
- హ్యాండిల్ బిగుస్తోంది గానీ పళ్లెం కదలకపోతే ముందు బ్రేకు చూడాలి. అది వదిలే ఉంటే గవర్నర్ దగ్గర నూనె గట్టిపడి ఉంటుంది.
- తిరుగుతూ మధ్యలో 'ధబ్ ధబ్' మని శబ్దం వస్తే స్ప్రింగు చుట్టల మధ్య గ్రీజు ఎండిపోయింది.
- పాట సగంలోనే నీరసిస్తే స్ప్రింగు అలిసిపోయి ఉండొచ్చు, లేదా గేర్లలో మురికి చేరి ఉండొచ్చు.

స్ప్రింగుతో జాగ్రత్త

ఈ పనిలో అసలు ప్రమాదం ఇక్కడే. సుమారు అంగుళం వెడల్పు, కొన్ని మీటర్ల పొడవు ఉన్న ఉక్కు పట్టీని చిన్న డబ్బాలో చుట్టి పెట్టి ఉంటారు. కీ ఉండగా మోటారు విప్పితే వేళ్లు తెగవచ్చు. కాబట్టి బ్రేకు వదిలి, పళ్లెం దానంతటదే ఆగేదాకా తిరగనివ్వాలి. అప్పుడు కూడా డబ్బాలో కొంత బిగువు మిగిలే ఉంటుంది. డబ్బా తెరిచే పని అలవాటున్న మెకానిక్‌కే వదిలేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఇంట్లో చేసుకోగలిగే పని

గేర్ల మీది పాత జిడ్డును కిరోసిన్‌లో తడిపిన బ్రష్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, కొద్దిగా గ్రీజు పెట్టాలి. గవర్నర్ ఇరుసుకు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క చాలు. గవర్నర్ పళ్లేన్ని తాకే తోలు లేదా ఫెల్ట్ ముక్కకూ ఓ చుక్క వేయాలి, అది ఎండితే వేగం కుదరదు. కొబ్బరి నూనె మాత్రం వద్దు. చలికి గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది.

సౌండ్ బాక్సులో రేకు చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడితే పాట గరగరలాడుతుంది. ఆ కొలతకు సరిపోయే మెత్తని సన్న రబ్బరు గొట్టం వేయించాలి. వంకర గొట్టాన్ని బలంగా తిప్పొద్దు. పాత జింకు పోత లోహం బిస్కెట్టులా విరిగిపోతుంది. స్క్రూ పోతే దొరికిన కొత్తది బలవంతంగా బిగించకూడదు. పాత ఇంగ్లండ్ మరలకు నేటి మరలు చాలావరకు సరిపోవు.

వేగం సరిచూడటానికి రికార్డు అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టి, పాట నడుస్తుండగా లెక్కపెట్టాలి. అర నిమిషానికి 39 చుట్లు, అంటే నిమిషానికి 78 తిరగాలి. తేడా ఉంటే వేగం మీటను సర్దుకోవాలి.

సూది, రికార్డు

స్టీలు సూదిని ఒక్క వైపుకే వాడాలి, రికార్డు తిప్పగానే కొత్తది వేయాలి. అరిగిన సూది రికార్డును కోసేస్తుంది. ఎల్పీ రికార్డులు ఈ పెట్టెపై ఎప్పుడూ వేయకూడదు, ఒక్కసారికే పాడైపోతాయి.

పాత 78 రికార్డుల్లో లక్క ఉంటుంది. లాడ్ బజార్ గాజులకు వాడే లక్క లాంటిదే అది. అందుకే స్పిరిట్‌తోనో, శానిటైజర్‌తోనో తుడిస్తే కరిగిపోతుంది. కొద్దిగా సబ్బు కలిపిన నీటిలో మెత్తని గుడ్డ ముంచి, లేబుల్ తడవకుండా తుడిచి ఆరబెట్టాలి. ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచాలి.

చివరగా ఒక ముఖ్యమైన మాట. ఇంట్లో పెద్దల గొంతు ఉన్న రికార్డు గానీ, మళ్లీ దొరకని నాత్, ఖవ్వాలీ గానీ ఉంటే దాన్ని ఈ పెట్టెపై పదేపదే వేయొద్దు. బరువైన సౌండ్ బాక్సు ప్రతిసారీ గాడిని కొంత అరగదీస్తుంది. 78 రికార్డులకు తగిన తేలికైన ముల్లు ఉన్న టర్న్‌టేబుల్‌పై ఒకసారి వేయించి, డిజిటల్ కాపీ తీయించుకోవాలి. పెట్టెను మళ్లీ బాగుచేయించవచ్చు, అరిగిపోయిన గొంతును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.