షాంఘై నిజంగా చేపల పల్లేనా?

ఈ ఎపిసోడ్‌లో చైనాలోని షాంఘై నగరం గురించి చెప్తాను. ముందు ప్రాథమిక విషయాలు చూద్దాం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ దాదాపు 2 కోట్ల 48 లక్షల మంది ఉన్నారు. కంటైనర్ల లెక్కలో 2010 నుంచి ప్రపంచంలో మొదటి స్థానం ఈ రేవుదే. షాంగ్ అంటే పైన, హై అంటే సముద్రం. పేరులో సముద్రం ఉన్నా, పాత ఊరు ఉన్నది హువాంగ్‌పు నది ఒడ్డున. ఆ నది యాంగ్జీ నదిలో కలిసేది యాంగ్జీ సముద్రాన్ని చేరే చోటుకు దగ్గర్లోనే. చైనా లోపలి ప్రాంతాల సరుకంతా దిగివచ్చే దారి యాంగ్జీ. ఇంటికి వీధి గుమ్మం ఎలాగో, యాంగ్జీ లోయకి షాంఘై అలాగన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ నగరం గురించి తరచూ ఒక మాట వినిపిస్తుంది. ఒకప్పుడు చేపలు పట్టుకునే చిన్న పల్లె అట, ఇంగ్లీషు వాళ్లు వచ్చాకే మహానగరం అయిందట. ఇది నిజం కాదండీ.

1292లోనే షాంఘై ఒక కౌంటీ కేంద్రం, అంటే మన తాలూకా కేంద్రం లాంటిది. చుట్టుపక్కల పత్తి పండేది, ఇంటింటా నేత ఉండేది. 1553లో సముద్రపు దొంగల భయంతో ఊరి చుట్టూ గోడ కట్టుకున్నారు. దోచుకోవడానికి ఏమీ లేని పల్లెకి గోడ ఎందుకు చెప్పండి? ఇంకో సాక్ష్యం ఇంగ్లీషు వాళ్లదే. 1832లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హ్యూ హామిల్టన్ లిండ్సే ఇక్కడికి వచ్చి ఓడలు లెక్కపెట్టాడు. ఒక్క వారంలో 400కి పైగా చైనా ఓడలు రేవులోకి వచ్చాయని రాశాడు. అంటే ఇది పెద్ద రేవు అని వాళ్లకి ముందే తెలుసు. తెలిసే అడిగారు.

ఎలా అడిగారు? యుద్ధం చేసి. మన దేశంలో, బీహార్, మాళ్వా ప్రాంతాల్లో, పండిన నల్లమందుని చైనాలో అమ్మేవారు. చైనా ప్రభుత్వం దాన్ని ఆపబోతే 1839లో యుద్ధం వచ్చింది. 1842 నాన్‌కింగ్ ఒప్పందంతో ఐదు రేవులు తెరవాల్సి వచ్చింది. అందులో షాంఘై ఒకటి. ఆ తర్వాత ఇంగ్లీషు, అమెరికన్, ఫ్రెంచి వాళ్లు గోడ బయట తమ పేటలు పెట్టుకున్నారు. అక్కడ వాళ్ల చట్టం, వాళ్ల పోలీసులు. ఇంగ్లీషు, అమెరికన్ పేటలు 1863లో కలిసిపోయాయి. ఆ ఉమ్మడి పేటలో ఉండే వాళ్లలో ఎక్కువమంది చైనీయులే, పన్నులు కట్టేదీ వాళ్లే. కానీ పురపాలక సభలో వాళ్లకి సీటు దొరికింది 1928లో! నది ఒడ్డున ఉన్న పార్కులోకి మామూలు చైనీయుల్ని రానిచ్చింది కూడా ఆ ఏడాదే.

విదేశీ వ్యాపారంతో నగరం బాగా పెరిగింది, అది నేను కాదనను. కానీ "చేపల పల్లె" అనే మాట చేసే పని వేరు. అక్కడ ముందు ఏమీ లేదు అనేస్తే, ఎవరి దగ్గరా ఏమీ లాక్కోలేదు అన్నట్టే కదా! వలస పాలన కథలు విన్నప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ విదేశీ పేటలు 1943లో రద్దయ్యాయి. పాత గోడని అంతకుముందే, 1912 నుంచి, పడగొట్టేశారు. దాని స్థానంలో రోడ్డు వేశారు. ఇవాళ మ్యాప్ తెరిచి రెన్‌మిన్, జోంగ్‌హువా రోడ్లు చూడండి. రెండూ కలిసి గుండ్రంగా తిరుగుతాయి. ఆ చుట్టు లోపల ఉన్నదే పాత షాంఘై.